నిర్బంధంలో ఉన్న ఆశ్రయార్థికి తోడుగా నిలవడం ఎలా: అమెరికా మఠకన్యల పద్ధతి

అమెరికాలో ఆశ్రయం కోరి వచ్చిన మనిషి నిర్బంధ కేంద్రంలో ఉన్నాడంటే ఏదో నేరానికి శిక్ష అనుభవిస్తున్నాడని చాలామంది అనుకుంటారు. అక్కడి చట్టం దృష్టిలో ఇమిగ్రేషన్ నిర్బంధం శిక్ష కాదు. కేసు తేలేదాకా, లేదా దేశం నుంచి పంపించేదాకా మనిషిని అందుబాటులో ఉంచుకునే సివిల్ ఏర్పాటు మాత్రమే. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండడం అనే అయిదు కారణాల్లో దేనివల్లనైనా స్వదేశంలో హింస తప్పదన్న భయం ఉన్నవారు ఆశ్రయం అడగవచ్చని 1980 నాటి శరణార్థుల చట్టం చెబుతోంది. ఆ భయంలో నిజమెంతో తేలేలోగా వారిని ఉంచే చోట మాత్రం తాళాలు, యూనిఫారాలు, తలల లెక్కింపులు, అన్నీ జైలువే. పైగా నేరారోపణ ఎదుర్కొనే పేదవాడికి ప్రభుత్వం వకీలును ఇస్తుంది గానీ, ఇమిగ్రేషన్ కోర్టులో వకీలును పెట్టుకునే హక్కు ఉన్నా ఆ ఖర్చును ప్రభుత్వం భరించదు. భాష రాక, డబ్బు లేక, ఫోను చేయడానికి ఊళ్లో తెలిసినవాళ్లెవరూ లేక గడిపే అలాంటి మనిషిని క్రమం తప్పకుండా వెళ్లి పలకరించే పనిని కథోలిక మఠకన్యలు అక్కడ ఏళ్లుగా చేస్తున్నారు. ఆ పనిని వారి దారిలో, మఠంలో చేరని మామూలు మనిషి కూడా ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

షికాగో శివారు బ్రాడ్‌వ్యూలో ఇమిగ్రేషన్ అధికారుల ప్రాసెసింగ్ కేంద్రం ఒకటి ఉంది. దేశం నుంచి పంపించేయబోయేవారిని అక్కడి నుంచి బస్సుల్లో తరలించేవారు. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ సభకు చెందిన సిస్టర్ పాట్ మర్ఫీ, సిస్టర్ జోఆన్ పెర్ష్ 2007 జనవరిలో ఒక శుక్రవారం ఉదయం, షికాగో చలి తెలిసినవారికి ఆ మాటకు అర్థం తెలుస్తుంది, ఆ కేంద్రం బయట నిలబడి జపమాల చెప్పడం మొదలుపెట్టారు. లోపలికి వెళ్లి మాట్లాడనివ్వమని అడిగితే మొదట కుదరదన్నారు. మర్యాదగా, శాంతంగా అడగాలి గానీ కాదన్న జవాబుతో వెనుదిరగకూడదన్నది వారిద్దరి తీరు. కౌంటీ జైళ్లలో ఉన్న ఇమిగ్రేషన్ నిర్బంధితులను మతసేవకులు కలుసుకునే వీలు కల్పిస్తూ 2008లో ఇల్లినాయ్ రాష్ట్రం చట్టం చేయడం వెనుక వారి పట్టుదల ఉంది. ఆ ప్రయత్నం నుంచే ఇంటర్‌ఫెయిత్ కమ్యూనిటీ ఫర్ డిటెయిన్డ్ ఇమిగ్రెంట్స్ అనే సంస్థ రూపుదిద్దుకుంది. సిస్టర్ పాట్ 2025 జులైలో కన్నుమూశారు. ఆ సిస్టర్లు చేసినదానిలో మనం మొదట పట్టుకోవలసింది జాలిని కాదు, శుక్రవారాన్ని. చెప్పిన రోజున, చెప్పిన చోట, ఎవరూ లోపలికి రానివ్వకపోయినా కనిపించడమే వారి సేవకు పునాది.

మొదలుపెట్టే ముందు

ఒక్కరే బయలుదేరకండి. మీ ప్రాంతంలోని డయోసిస్‌కు (ఒక బిషప్పు పరిధిలోని చర్చిల ప్రాంతానికి) చెందిన కాథలిక్ చారిటీస్ అనే సేవాసంస్థను గానీ, నిర్బంధితులను చూసివచ్చే వాలంటీర్ల బృందాలను గానీ ముందుగా సంప్రదించండి. ఫ్రీడం ఫర్ ఇమిగ్రెంట్స్ అనే సంస్థకు ఇటువంటి బృందాలతో సంబంధాలున్నాయి; జెస్యూట్ రెఫ్యూజీ సర్వీస్ కొన్ని కేంద్రాల్లో చాప్లిన్ (లోపలివారికి మతసేవ అందించే వ్యక్తి) సేవలు నడుపుతోంది. బృందంతో వెళ్తే నేరచరిత్ర తనిఖీ, శిక్షణ, లోపలి నియమాల పరిచయం వంటివన్నీ ఒక క్రమంలో జరుగుతాయి. అంతకన్నా ముఖ్యంగా, మీకు జ్వరం వచ్చినా ఊరు మారినా లోపలి మనిషి దగ్గరకు వెళ్లడానికి మరొకరుంటారు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సందర్శకుల గుర్తింపు పత్రాలను కేంద్రం సిబ్బంది పరిశీలిస్తారు. మీకు ఆ దేశ పౌరసత్వం లేకపోతే, ముఖ్యంగా వీసా గడువుకు సంబంధించి చిన్న చిక్కు ఉన్నా సరే, ఇమిగ్రేషన్ వకీలును అడిగిన తర్వాతే గేటు దగ్గరకు వెళ్లాలి. వెళ్లలేని పరిస్థితి ఉంటే ఉత్తరాలు రాయడం, విడుదలైనవారికి సామాను సిద్ధం చేయడం, కాగితాలు అనువదించడం వంటి పనులున్నాయి, అవేమీ తక్కువ పనులు కావు.

మనిషి ఎక్కడున్నాడో తెలుసుకోవడం తర్వాతి మెట్టు. ఇమిగ్రేషన్ విభాగం ప్రతి ఒక్కరికీ ఏ-నంబరు అనే ఫైలు సంఖ్య ఇస్తుంది. ఆ విభాగం వెబ్‌సైటులోని వెతుకులాట పేజీలో ఏ-నంబరు, పుట్టిన దేశం ఇస్తే ఆ మనిషి ఉన్న కేంద్రం పేరు కనిపిస్తుంది. నంబరు తెలియకపోతే పేరు, పుట్టిన దేశంతో వెతకవచ్చు గానీ, పేరు వారి రికార్డులో ఉన్న స్పెల్లింగుతోనే ఉండాలి. మన దక్షిణాసియా పేర్లలో ఇంటిపేరు ముందూ వెనుకా కావడం, అక్షరాలు మారడం మామూలే కాబట్టి రెండు మూడు రకాలుగా ప్రయత్నించాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారి వివరాలు అందులో ఉండవు. ఏ-నంబరు దొరికిన వెంటనే ఒక కాగితం మీద రాసి భద్రపరచుకోండి. నిర్బంధితులను ముందుగా చెప్పకుండా వేరే రాష్ట్రానికి మార్చడం తరచుగా జరుగుతుంది. అప్పుడు ఆ మనిషిని తిరిగి కనుక్కోవడానికి మీ చేతిలో ఉండే ఆధారం ఆ సంఖ్యే.

అద్దానికి ఇవతల

బయలుదేరే రోజు ఉదయం కేంద్రానికి ఫోను చేసి సందర్శన వేళలు మారలేదని నిర్ధారించుకోండి. సెల్‌ఫోను, సంచి, స్మార్ట్‌వాచ్ లోపలికి రానివ్వరు. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఒక్కటి దగ్గర ఉంచుకుని మిగతావి కారులోనో లాకరులోనో పెట్టాలి. దుస్తులకు నియమాలుంటాయి. బిగుతు బట్టలు, చేతుల్లేని జాకెట్లు, నిర్బంధితుల యూనిఫారాన్ని పోలిన రంగులు వద్దు. సందర్శనకు కనీసం అరగంట ఇవ్వాలని ఇమిగ్రేషన్ విభాగం ప్రమాణాలు చెబుతున్నాయి. అయితే ఆ అరగంట కోసం గంటన్నర వేచి ఉండవలసి రావచ్చు, మధ్యలో లెక్కింపు మొదలైతే అంతా ఆగిపోతుంది. గేటు దగ్గరి ఉద్యోగితో వాదనకు దిగకండి. అతడి పేరు తెలుసుకుని, ప్రతిసారీ పలకరించి, నియమాన్ని గౌరవంగా అడిగి తెలుసుకునేవారికి దారి త్వరగా దొరుకుతుంది. పైగా మీ కోపానికి మూల్యం చెల్లించేది లోపల ఉన్నవారు.

చాలా కేంద్రాల్లో మీకూ ఆ మనిషికీ మధ్య మందపాటి అద్దం ఉంటుంది. గోడకు తగిలించిన ఫోను రిసీవరుకు లోహపు తీగ చుట్టిన పొట్టి తాడు ఉంటుంది కాబట్టి ముందుకు వంగి కూర్చోక తప్పదు. అవతలి మనిషి వచ్చి కూర్చుని రిసీవరు తీసుకునేలోపు మీ అరచేతిని అద్దానికి ఆనించడం అక్కడ నమస్కారం లాంటిది. కొందరు తమ చేతిని ఇవతలి చేతికి ఎదురుగా ఆనిస్తారు, కొందరు ఆనించరు, ఆనించకపోతే పట్టించుకోకండి. వేసుకున్న యూనిఫారం రంగు, మణికట్టుకున్న పట్టీ, కాలికి లేసులు లేని చెప్పులు మీ కళ్లబడతాయి. చూపు అక్కడ నిలపకుండా ముఖం మీద ఉంచడం కొంచెం సాధనతో అలవాటవుతుంది.

మొదటి రెండు నిమిషాల్లో చెప్పవలసినవి నాలుగే. మీ పేరు చెప్పాలి, ప్రభుత్వం తరఫున రాలేదని చెప్పాలి, వకీలు కాదని చెప్పాలి, మళ్లీ ఏ రోజున వస్తారో చెప్పాలి. అతడి పేరును ఎలా పలకాలో అడిగి, సరిగా వచ్చేదాకా పలకండి. లోపల మనుషుల్ని నంబరుతోనో ఇంటిపేరు అరుపుతోనో పిలుస్తారు కాబట్టి సొంత పేరు సొంత ఉచ్చారణతో వినబడడం వారికి చిన్న విషయం కాదు. వయసులో పెద్దవారైతే వారి భాషలో పెద్దలను పిలిచే మాటను నేర్చుకుని పిలవండి. హిందీ, ఉర్దూ వచ్చిన తెలుగువారికి ఇక్కడ ప్రత్యేకమైన చోటుంది. అమెరికా నిర్బంధ కేంద్రాల్లో పంజాబ్, గుజరాత్ నుంచి వచ్చినవారు, నేపాలీలు, బంగ్లాదేశీయులు కనిపిస్తారు. వచ్చీరాని హిందీలోనైనా సాగే సంభాషణ కోసం వారిలో కొందరు వారాల తరబడి ఎదురుచూసి ఉంటారు.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన విషయం. ఎందుకు పారిపోయి వచ్చావని అడగకండి. ఈ ఒక్క ప్రశ్నే మన నాలుక మీదికి మొదట వస్తుంది, మన దయ కూడా దాని వెంటే పరుగెత్తుతుంది, అందుకే దీన్ని ఇంత గట్టిగా చెప్పవలసి వస్తోంది. ఆ కథను అతడు ఇప్పటికే సరిహద్దులో అధికారికి, భయం విశ్వసనీయమో కాదో తేల్చే ఇంటర్వ్యూలో మరొకరికి చెప్పి ఉంటాడు, ముందుముందు న్యాయమూర్తికి చెప్పవలసి ఉంటుంది. తేదీల్లో, క్రమంలో ఏ చిన్న తేడా వచ్చినా అది అబద్ధానికి గుర్తుగా వాదించే అవకాశం ఉంది. వకీలుతో చెప్పే మాటకు చట్టపరమైన రహస్య రక్షణ ఉంటుంది, సందర్శకుడితో చెప్పే మాటకు అది లేదు. నిర్బంధితుల ఫోను సంభాషణలు రికార్డు కావడం మామూలే కాబట్టి అద్దం పక్కన రిసీవరులో మాట్లాడేటప్పుడూ ఆ జాగ్రత్తతోనే ఉండాలి. కాబట్టి అతడే చెప్పడం మొదలుపెడితే ఆపకుండా వినండి, కానీ లోతుకు లాగే ప్రశ్నలు వేయకండి, ఇంటికి వచ్చి రాసిపెట్టుకోకండి, బంధువులతోనైనా పంచుకోకండి. కేసుకు పనికొచ్చే విషయం అనిపిస్తే, ఇది మీ వకీలుకు చెప్పండని మాత్రం అనండి. మతగురువులకు చెప్పిన మాటకు కొంత రక్షణ ఉన్నా, జపమాల చేతిలో ఉన్నంత మాత్రాన మనం మతగురువులం అయిపోము.

మరి ఏం మాట్లాడాలి? నిన్న రాత్రి నిద్ర పట్టిందా, మీ ఊళ్లో ఈ నెలలో వానలు పడతాయా, అమ్మ ఏ వంట బాగా చేసేది, లోపల ఎవరైనా స్నేహితులు దొరికారా వంటివి అడగండి. ఈ ప్రశ్నలు పనికిమాలినవిగా కనిపిస్తాయి గానీ, తనను కేసుగా కాక మనిషిగా చూస్తున్నారన్న సంగతి అవతలివారికి వాటి ద్వారానే అందుతుంది. ఏడిస్తే ఏడవనివ్వండి. అంతా మంచే జరుగుతుందని, దేవుడు తప్పకుండా బయటికి తెస్తాడని అనకండి. అది మీ చేతిలో లేని మాట. సమయం అయిపోయిందని గార్డు తలుపు తట్టేలోగా మళ్లీ వచ్చే తేదీని ఇంకోసారి చెప్పి లేవండి. తర్వాతి వారం రాలేనని తెలిస్తే ముందే చెప్పండి, ఏ మాటా ఇవ్వకపోయినా ఫరవాలేదు గానీ ఇచ్చిన మాట తప్పితే మళ్లీ నమ్మకం కుదరదు.

ప్రార్థన గురించి ఒక మాట. సిస్టర్లు ప్రార్థించేది అడిగినవారితోనే. ఎదుటివారు ముస్లిమో, సిక్కో, హిందువో, ఏ మతమూ లేనివారో కావచ్చు. నిర్బంధంలో ఉన్న మనిషి ముందు మతం మార్పిడి ఊసెత్తడం అతడి నిస్సహాయతను వాడుకోవడమే అవుతుంది. అతడి మతాచరణకు ఆటంకం లేకుండా చూడడం మన బాధ్యత. మతపరమైన ఆహారం, ప్రార్థన సమయం, మతగురువును కలిసే వీలు కేంద్రాలు కల్పించాలని ప్రమాణాల్లో ఉంది. రంజాన్ ఉపవాసానికైనా, శాకాహారానికైనా రాతపూర్వకంగా అభ్యర్థన ఇవ్వాలని చాలామందికి తెలియదు. చాప్లిన్‌కు ఎలా రాయాలో చెప్పండి. 2022లో అరిజోనా సరిహద్దులో సిక్కుల తలపాగాలను సిబ్బంది తీసుకుని పారేశారన్న ఫిర్యాదులు బయటపడ్డాయి. అటువంటిది వింటే మీ బృందంలోని వకీలుకు వెంటనే తెలియజేయాలి.

కాగితాలు, డబ్బు, కోర్టు

చట్టపరమైన సలహా ఇవ్వడం మీ పని కాదు, దారి చూపడం మీ పనే. ఉచితంగా గానీ తక్కువ రుసుముతో గానీ వాదించే సంస్థల జాబితాను ఇమిగ్రేషన్ కోర్టులు ప్రచురిస్తాయి. అమెరికా బిషప్పులు 1988లో నెలకొల్పిన కాథలిక్ లీగల్ ఇమిగ్రేషన్ నెట్‌వర్క్ వంటివి కూడా సరైనవారి దగ్గరకు చేర్చగలవు. దేశంలోకి వచ్చిన ఏడాదిలోగా ఆశ్రయం దరఖాస్తు దాఖలు చేయాలన్న గడువును మాత్రం ప్రతి వాలంటీరూ గుర్తుంచుకోవాలి. దరఖాస్తు వేశారా అని అడగడం సలహా కిందికి రాదు.

బాండ్ (విచారణకు వస్తానన్న హామీగా డబ్బు కట్టి విడుదల కావడం) విషయంలో నోరు అదుపులో పెట్టుకోవడం మంచిది. న్యాయమూర్తి నిర్ణయించే బాండ్ 1,500 డాలర్లకు తగ్గదు. అయితే సరిహద్దులోనో విమానాశ్రయంలోనో ఉండే అధికారిక ప్రవేశద్వారంలో ఆశ్రయం అడిగినవారికి న్యాయమూర్తి బాండ్ ఇవ్వలేరు, అధికారులు పెరోల్ (తాత్కాలికంగా బయట ఉండే అనుమతి) ఇస్తేనే విడుదల. 2025 సెప్టెంబరులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఇచ్చిన తీర్పు, తనిఖీ లేకుండా సరిహద్దు దాటివచ్చినవారికి కూడా బాండ్ దారిని మూసింది; దాన్ని సవాలు చేస్తూ ఫెడరల్ కోర్టుల్లో కేసులు నడిచాయి. పక్క మంచం మనిషి బాండ్ మీద వెళ్లాడు కదా అని అడిగితే, ఇద్దరి కేసులూ ఒకటి కాకపోవచ్చని, వకీలును అడగమని చెప్పాలి. మీరు చేయగలిగింది వేరే ఉంది. విడుదలైతే ఎక్కడ ఉంటాడు, ఎవరు చూసుకుంటారు అన్నదానికి ఆధారంగా వకీలు మద్దతు లేఖలు అడుగుతారు. అలాంటి లేఖలో మీరు కళ్లారా చూసినదే రాయండి. ఎప్పటినుంచి తెలుసు, ఎన్నిసార్లు కలిశారు, అతడి ప్రవర్తనలో ఏం గమనించారు అన్నవి చాలు, పొగడ్తలు కోర్టుకు పనికిరావు.

స్వదేశం నుంచి వచ్చిన పోలీసు ఫిర్యాదు, ఆసుపత్రి కాగితం, జనన ధ్రువపత్రం వంటివి ఇంగ్లీషులోకి అనువదించి, ఆ రెండు భాషలూ వచ్చునని, అనువాదం సరైనదేనని అనువాదకుడు సంతకం చేసిన ధ్రువీకరణతో కోర్టుకు ఇవ్వాలి. రెండు భాషలూ నిజంగా వచ్చినవారే ఈ పనికి పూనుకోవాలి. ఒక్క పదం మీద కేసు తలకిందులు కావచ్చు.

విచారణ రోజున కోర్టు గదిలో వెనుక బెంచీ మీద కూర్చోవడం కూడా సేవే. చాలా విచారణలు బహిరంగంగా జరుగుతాయి గానీ, ఆశ్రయం కేసు సాక్ష్యం వినే రోజున తలుపులు మూయమని దరఖాస్తుదారు కోరవచ్చు. అందువల్ల మీ రాక అతడికి ఇష్టమేనా అని ముందే వకీలు ద్వారా తెలుసుకోండి. తన అవమానాలను పరిచయస్తుల ముందు చెప్పలేని మనిషి పరాయివాళ్ల ముందు చెప్పగలడు.

డబ్బు దగ్గర ఒక కట్టుబాటు ఉండాలి. లోపల ఫోను నిమిషాలకు, సబ్బుకు, నూడుల్స్ ప్యాకెట్టుకు ఖాతాలో డబ్బు ఉండాలి. లోపల స్వచ్ఛంద పని పేరిట చేయించే చాకిరీకి రోజుకు ఒక్క డాలరు కూలి ఇవ్వడం అక్కడ చాలాకాలంగా సాగుతున్న ఆనవాయితీ. సాయం చేయాలనిపించడం సహజం. అయినా మీ జేబులోంచి ఒకరికి వేస్తే పక్కవారికి ఎందుకు వేయలేదన్న ప్రశ్న గదంతా పాకుతుంది. బృందం నిధి నుంచి, అందరికీ ఒకే లెక్కన వెళ్లేలా చూడండి. ఉత్తరాలు తెల్లకాగితం మీద, స్టిక్కర్లు, అత్తర్లు లేకుండా రాసి, కవరు మీద పేరుతోపాటు ఏ-నంబరు వేయండి. మీ ఇంటి చిరునామాకు బదులు బృందం పోస్టుబాక్సు రాయండి.

విడుదల రోజు, వెళ్లిపోయే రోజు

విడుదల ఎప్పుడు జరుగుతుందో చెప్పడం కష్టం. పట్టుబడిన రోజు వేసుకున్న బట్టలతోనే, వేసవి చొక్కాతో మంచులోకి పంపిన సందర్భాలున్నాయి. టెక్సాస్ సరిహద్దు పట్టణం మెక్‌అలెన్‌లో సిస్టర్ నార్మా పిమెంటెల్ 2014లో చర్చి హాలులో మొదలుపెట్టిన విశ్రాంతి కేంద్రం, అధికారులు వదిలిన కుటుంబాలకు స్నానం, ఉతికిన బట్టలు, వేడి సూపు, ఇంటికి ఒకసారి ఫోను చేసుకునే వీలు ఏర్పాటు చేసింది. ముందు స్నానం, తర్వాతే కాగితాలు అన్న వరుసను మనమూ పాటించవచ్చు. మీ కారులో ఒక సంచి సిద్ధంగా ఉంచండి. అందులో కోటు, మేజోళ్లు, బూట్ల లేసులు, ఫోను చార్జరు, తినడానికి ఏమైనా, నీళ్లు ఉండాలి. బస్సు ప్రయాణం ఉంటే పెద్ద కవరు మీద పెద్ద అక్షరాలతో, నాకు ఇంగ్లీషు రాదు, ఏ బస్సు ఎక్కాలో దయచేసి చూపండి అని ఇంగ్లీషులో రాసి, మారవలసిన స్టేషన్ల పేర్లు కింద వరుసగా వేసి ఇవ్వండి. దారిలో ఈ కవరు చేసే మేలు ఇంతా అంతా కాదు.

బయలుదేరేముందు అతడి చేతిలోని ప్రతి కాగితాన్నీ అతడి ఫోనులోనే ఫోటో తీయించండి. తర్వాతి విచారణ తేదీని, అధికారుల ముందు హాజరయ్యే తేదీని వేరే కాగితం మీద అతడి భాషలో రాసివ్వండి. చిరునామా మారితే అయిదు రోజుల్లోగా కోర్టుకు నిర్ణీత ఫారంలో తెలియజేయాలి. ఈ ఒక్కటి మరిచిపోతే నోటీసు పాత చిరునామాకు వెళ్తుంది, విచారణకు రాలేదన్న కారణంతో దేశం విడిచి వెళ్లమన్న ఉత్తర్వు అతడు లేకుండానే వెలువడుతుంది.

అందరూ విడుదల కారు. ఒక వారం మీరు వెళ్లేసరికి పేరు జాబితాలో ఉండదు. వేరే కేంద్రానికి మార్చి ఉంటే ఏ-నంబరుతో వెతికి, మొదటి వారంలోనే ఒక ఉత్తరం వేయండి, ఆ ఊరి బృందానికి అతడి అనుమతితో కబురు చేయండి. దేశం నుంచి పంపించేస్తే, పరిచయమైన తొలిరోజుల్లోనే అడిగి ఉంచుకున్న కుటుంబసభ్యుడి నంబరుకు ఫోను చేసి, ఏ విమానాశ్రయంలో దిగే వీలుందో అధికారుల నుంచి తెలిసినంతవరకు చెప్పండి. తిరిగి వెళ్లినచోట ప్రమాదం పొంచి ఉండవచ్చు కాబట్టి అతడి పేరు, ఫోటో, కథ సోషల్ మీడియాలో ఎప్పటికీ పెట్టకండి, మంచి ఉద్దేశంతో కూడా పెట్టకండి.

ఈ పని చేసేవారు ఇంటికి బరువుతో తిరిగి వస్తారు. సిస్టర్లకు మఠం ఉంటుంది, సాయంత్రం కలిసి ప్రార్థించే సమూహం ఉంటుంది. మనలాంటివారు ఆ ఏర్పాటును ప్రయత్నపూర్వకంగా చేసుకోవాలి. ఇద్దరిద్దరుగా వెళ్లి, తిరుగు ప్రయాణంలో వివరాలు కాక మనసులో ఏమనిపించిందో మాత్రమే మాట్లాడుకోవడం బాగా పనిచేస్తుంది. నిద్ర పట్టకపోవడం, ఒకే మనిషి కేసు గురించి పగలంతా ఆలోచించడం మొదలైతే బృందం సమన్వయకర్తకు చెప్పి కొన్నాళ్లు విరామం తీసుకోండి. అప్పుడు కూడా చెప్పకుండా మానేయకండి. కనీసం రెండు సందర్శనల ముందు విషయం తెలిపి, మీ తర్వాత వచ్చేవారిని చివరిసారి వెంట తీసుకువెళ్లి, పేరు ఎలా పలకాలో వారికి నేర్పి పరిచయం చేసి రండి.